మౌలాలి పెండ్లి దిండు

ఆళ్లగడ్డ నాలుగు రోడ్ల దగ్గర నుంచి మసీదు వీధిలోకి తిరిగితే మూడో అంగడి దూదేకుల దస్తగిరిది. తొమ్మిదింటికి షట్టరెత్తుతాడు. మధ్యాహ్నం దాకా మిషన్లో దూది ఏకుతాడు. అన్నం తిన్నాక దిండ్లు కూరి, పొద్దు వాలేలోగా దబ్బనంతో వాటి మూతులు కుడతాడు. నలభై ఏళ్లుగా ఇదే వరస. ఏకేటప్పుడు ఎవరెంత వాగినా పట్టించుకోడు గానీ, కూరేటప్పుడు మాత్రం అంగట్లో ఎవరూ నోరు మెదపకూడదు. అతని చేత్తో కూరిన దిండులో, మూతి కుట్టేదాకా పక్కన ఏ మాట పడితే ఆ మాట ఉండిపోతుంది. దాని మీద తల పెట్టి కళ్లు మూసుకున్నవాళ్లకు వినిపిస్తుంది. వాళ్ల నాయన చేతికీ ఇదే గుణం ఉండేది.

ఊళ్లో దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోరు. పనిబడినప్పుడు వాడుకుంటారు, అంతే. కిరాణా కేశవులు భార్య భ్రమరాంబ, కూతురు సౌమ్యకు లెక్కలు రావడం లేదని అంగట్లో కూర్చుని ఇరవయ్యో ఎక్కం దాకా చదివి దిండు కూరించుకుపోయింది. సౌమ్య ముక్కీ మూలిగీ గట్టెక్కింది. చాగలమర్రి హోటలాయన దిండు కూరిస్తుంటే వాళ్లత్త వెతుక్కుంటూ వచ్చి తగువు పెట్టుకుంది. పాపం, ఆయనకు ఏడాది పాటు మధ్యాహ్నం కునుకు లేదు. చివరికి ఆ దూది మళ్లీ ఏకించుకున్నాడు. మళ్లీ ఏకితే లోపలి మాటలన్నీ పోతాయి.

పెండ్లి దిండ్లకు పద్ధతి వేరు. చక్కగా కాపురం చేసిన ఆడమనిషిని పక్కన కూర్చోబెట్టి, నాలుగు మంచి మాటలు చెప్పించి కూరాలి. ఆ పని ఎప్పుడూ దస్తగిరి భార్య మాబున్నిదే. ఆమె కోసం అంగట్లో ఒక ముక్కాలిపీట ఉంది. ఇప్పుడా పీట మీద దుమ్ము పడుతోంది. మాబున్ని నంద్యాలలో కూతురింటికి పోయి రెండు నెలలైంది.

అంతా మౌలాలి పెండ్లితో మొదలైంది. మౌలాలి ఆ వీధిలో పుట్టి పెరిగినవాడే. నంద్యాలలో ఏసీలు బాగు చేస్తాడు. కోయిలకుంట్ల బడి అయ్యవారు దేవదానం కూతురు షాలినిని ఇష్టపడి, బాప్తిస్మం తీసుకుని, చర్చిలో పెండ్లికి సిద్ధమయ్యాడు. తల్లి తలుపు వేసేసుకుంది. వీధి మొహం తిప్పుకుంది. పెండ్లి ఇంకా ఐదు రోజులుందనగా వాడు దస్తగిరి అంగటి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"పెదనాయనా, మన వీధి నుంచి ఎవురూ రారు. దిండ్లన్నా నీ చేత్తో కూరియ్యి."

దస్తగిరి కాదనలేకపోయాడు. చిన్నప్పుడు వీడు దూది కుప్పల మీద దొర్లి తన్నులు తిన్న పిల్లోడు. మాబున్ని కూడా వద్దనలేదు. అలాగని పీట మీద వచ్చి కూర్చోనూ లేదు. కూరే వేళకు "నమాజుకు టైమాయె" అని ఇంట్లోకి పోయింది. అప్పటికి నమాజుకు ఇంకా గంట ఉంది.

ఒక దిండు నిశ్శబ్దంగానే అయింది. రెండోది మొదలుపెట్టగానే ఖాజా హుసేన్ సారు వచ్చాడు. రిటైరైన ఉర్దూ అయ్యవారు, మసీదు కమిటీ పెద్ద. ఆయన వెనకే సెల్‌ఫోన్ల అంగడి ఇమ్రాన్. పీట ఖాళీగా ఉందన్న దిగులులో పడి, దస్తగిరి నలభై ఏళ్లలో ఎన్నడూ చేయని తప్పు చేశాడు. వాళ్లను మాట్లాడొద్దని చెప్పడం మర్చిపోయాడు.

ఇమ్రాన్ ఫోన్ చూసి చదివాడు. ఏదో దేశంలో ఒకాయన ప్రవక్తను ఏదో అన్నాడని ఉరిశిక్ష వేశారట. దీన్, అంటే మతం, వదిలిపోయినవాళ్లకూ అక్కడ అదే శిక్షట. "ఈడ జూడు సారూ, మౌలాలిగాడు నీళ్లల్లో మునిగొచ్చి దర్జాగా తిరుగుతాండాడు. వానికి మనోళ్లే దిండ్లు కూరతాండారు."

"పాత పుస్తకాల్లో అట్లనే ఉండాది లేప్పా" అన్నాడు సారు. "ఆ కాలంలో దీన్ వదిలేదంటే సైన్యం ఇడిసి శత్రువుతో కలిసినట్ల లెక్క. ఈ కాలానికి ఆ శిక్ష పనికిరాదనే ఆలిములూ, బాగా చదివిన పెద్దలు, ఉండారు. చంపమని నేనూ చెప్పను. కానీ కట్టుబాటనేది ఉండాల్నా, వద్దా?"

దస్తగిరి దూది కూరుతూనే అన్నాడు. "బలవంతంతో నమ్మకం రాదని పోయిన రంజాన్లో నువ్వే చెప్తివి గదా సారూ."

"అది లోపలికి వచ్చేదాని గురించి. వచ్చినాక పోయేది వేరే."

"తలుపు ఒగటే గదా సారూ."

"ఇట్ల మాట్లాడేదే తప్పు" అన్నాడు ఇమ్రాన్. "దేవుణ్ణి తక్కువ జేసినట్ల."

"ఒగడు పోతే తక్కువైపోయేవాడా దేవుడు?"

సారు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఆయనకు వాదన అంటే ప్రాణం. "సరేప్పా, మౌలాలిని ఇడిసిపెట్టు. రేపు మీ మాబున్నే దీన్ వదిలేసి నీ ముందుకొచ్చి నిలబడిందనుకో. ఏం జేస్తావ్?"

"అన్నం తిన్నావా అని అడుగుతా" అన్నాడు దస్తగిరి.

అతను తల దించుకుని, ఏదీ చెవికెక్కకుండా దిండు మూల సర్దుతున్నాడు. తల ఎత్తేసరికి ఇమ్రాన్ అరుస్తూ లేచి నిలబడి ఉన్నాడు. సారు గడ్డం నిమురుకుంటున్నాడు. ఇద్దరూ వెళ్లిపోయాక దస్తగిరి మూతి కుట్టేశాడు.

సాయంత్రానికి ఆ మాట వీధంతా తిరిగి వేరే రూపం కట్టింది. పెండ్లాం దీన్ వదిలి కాఫిరైనా నాకేం ఫర్వాలేదన్నాడట దస్తగిరి. శుక్రవారం కమిటీ కూర్చుంది. పుస్తకాలు తెలిసినవాడు సారే కాబట్టి చెప్పవలసిందీ ఆయనే. అలాంటి మాట నోట వచ్చినవాడు తప్పని ఒప్పుకుని తౌబా చెయ్యాలి, విశ్వాసం చాటే కల్మా మళ్లీ చదవాలి, నికా మళ్లీ చేసుకోవాలి. అందాకా ఆ ఇద్దరూ మొగుడూ పెండ్లాలు కారు. ఈ దేశంలో దానికి చట్టం లేదు, జైలూ లేదు. వీధిలో నలుగురి నోళ్లున్నాయి, అవి చాలు.

మాబున్ని ఆ రోజు గట్టిగా ఏడవలేదు. "ఐదు పూట్ల నమాజు జేసే మనిషిని. నడి వీధిలో నన్ను కాఫిర్ని జేస్తివి గదా" అంది. బట్టలు సర్దుకుంది. పోతూ పోతూ తన దిండు చంకలో పెట్టుకుంది. అది వాళ్ల పెండ్లినాటి దిండు. బట్టలు తీసుకుపోయినందుకు దస్తగిరి అంత బాధపడలేదు. దిండు తీసుకుపోయిందంటే ఇప్పట్లో రాదని అతనికి అర్థమైంది.

ఆ మాట తప్పని ఒప్పుకోవడానికి దస్తగిరికి మనసొప్పలేదు. ఆ తర్వాత అతని బతుకు ఒంటరిదైపోయింది. నమాజుకు మానకుండా పోతూనే ఉన్నాడు. వరసలో భుజానికి భుజం ఆనించి నిలబడాలి గదా, అతనికి రెండు పక్కలా మాత్రం మనిషి పట్టేంత జాగా ఖాళీగా ఉండేది. తానే వండుకుని, సగం తిని, సగం కుక్కకు పెట్టేవాడు. కూరేటప్పుడు నోరు మూసుకోమని చెప్పడానికి కూడా అంగట్లో ఎవరూ లేరు. ఆ రెండు నెలల్లో కూరిన దిండ్లలోకి అతని దగ్గు తప్ప మరేదీ పోలేదు. జూపాడు బంగ్లా నుంచి సరోజమ్మ బస్సెక్కి వచ్చి మరీ దిండు తిరిగిచ్చింది.

"ఏందప్పా ఇది! తల పెడితే చాలు, ఊరికే ఏడుపొస్తాంది. ఇంట్లో ఇంతమంది ఉండారు, నాకెవురూ లేనట్లుంటాది."

"మళ్లీ ఏకి ఇస్తాలేమ్మా" అన్నాడు దస్తగిరి. ఏకితే మాత్రం, అందులోకి కొత్తగా ఏం పోతుందో అతనికీ తెలియదు.

ఆ వారమే మౌలాలి వచ్చాడు, చంకలో పెండ్లి దిండుతో.

"పెదనాయనా, షాలినికి నిద్ర లే. కండ్లు మూస్తే సారూ, ఇమ్రానూ చెవుల్లో కొట్లాడుకుంటాండారంట. దీన్ని ఏకియ్యి."

"పేరు మార్చుకుంటివంటనే?"

"కాగితాల మీద మార్చినారు. షాలిని మౌలాలి అనే పిలుస్తాది."

దస్తగిరి దిండు తీసుకుని బల్ల మీద పెట్టాడు. వాడు టీ తాగడానికి పోగానే ఖాజా హుసేన్ సారు లోపలికొచ్చాడు. అంగటి గడప తొక్కి ఆయనకూ రెండు నెలలైంది. దిండు వైపు చాలాసేపు చూశాడు.

"దాన్ని మిషన్లో ఏసెయ్యి దస్తగిరీ" అన్నాడు మెల్లగా. "మాట పోతాది. అట్లాంటి మాటే నేను విన్లేదని కమిటీలో చెప్తా. ఇమ్రాన్‌కు నేను నచ్చజెప్పుకుంటా. మాబున్ని ఇంటికొస్తాది. నీకు మేలుకే చెప్తాండా."

సారు మంచిగానే అడిగాడు. మిషన్ స్విచ్ చేతికందేంత దూరంలోనే ఉంది. రెండు నిమిషాల పని. సాయంత్రం బస్సుకు ఆమె వచ్చేస్తుంది, ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, మసీదు వరసలో పక్క జాగా నిండుతుంది.

"నికా మళ్లీ చేసుకోమంటే నూరుసార్లు చేసుకుంటా సారూ" అన్నాడు చివరికి. "కానీ ఆయమ్మి నిజంగా వచ్చి నిలబడితే నేనింకేం అడగల్ల? ఇంకేం అడగొచ్చో చెప్పు, అదే అంటా."

సారు చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

దస్తగిరి మౌలాలిని పిలిచి వాడి చేతిలో ఒక కొత్త దిండు పెట్టాడు. దగ్గు కూడా రాకుండా ఊపిరి బిగబట్టి కూరిన దిండది. పాతదాన్ని గలీబు మార్చి మళ్లీ వాడికే ఇచ్చాడు. "ఇది నంద్యాల నూనెపల్లెలో, మా పాప ఇంట్లో ఉండే మీ పెద్దమ్మకియ్యి. ఒగ మధ్యానం దీని మీద పండుకోమను."

"పెద్దమ్మ నా మొగం జూస్తాదా?"

"చూడకపోతే వాకిట్లో పెట్టిరా."

ఒక రోజైంది, మూడు రోజులయ్యాయి. నంద్యాల బస్సు వచ్చిన ప్రతిసారీ దస్తగిరి తల ఎత్తేవాడు. ఫోన్ చెయ్యడానికి భయమేసింది. మోగితే తియ్యడానికీ భయమే, కాకపోతే అది మోగలేదు. ఆరో రోజుకు తల ఎత్తడం మానేశాడు.

ఏడో రోజు మధ్యాహ్నం సరోజమ్మ దిండు కూరుతున్నాడు. వీధిలో అలికిడైతే చూశాడు. మాబున్ని నడిచొస్తోంది. రెండు చంకల్లో రెండు దిండ్లు, చేతిలో టిఫిన్ క్యారియర్. అంగటి వైపు చూడనైనా చూడకుండా ముందుకు పోయి, ఖాజా హుసేన్ సారు ఇంటి తలుపు కొట్టింది. లోపలికి పోయింది. దస్తగిరి గుప్పిట్లో దూది గుప్పిట్లోనే ఉండిపోయింది. పావుగంటకు ఆమె బయటికొచ్చింది. ఇప్పుడు చంకలో ఒక్క దిండే ఉంది, తన పెండ్లినాటిది. నేరుగా వచ్చి అంగటి గడప బయట, మెట్టు మీద కూర్చుంది.

"లోపలికి రాను. నికా కాలేదు గదా" అంది. చంకలో దిండు పక్కన పెట్టింది. "మౌలాలి దిండు ఇన్నా."

"ఊ."

"వాళ్లు జెప్పినప్పుడు, నువ్వు నలుగుర్లో మీసం తిప్పి అన్నావనుకుంటి. దూది చప్పుడు గూడా ఆగలేదు గదప్పా దాంట్లో. కూరతా కూరతానే చెప్తివి. ఆలోచన గూడా జెయ్యకపోతివి."

దస్తగిరి కళ్లు తుడుచుకుందామంటే చేతుల నిండా దూది.

"నీ మాట తర్వాత ఒగ నవ్వుండాది" అంది మాబున్ని. "సారుది. మంచిగా, కడుపులోంచి నవ్విన నవ్వు. ఇమ్రాన్ అరిసేంతవరకు నవ్వినాడు. పోయి అదే చెప్తి. నేనెప్పుడు నవ్వితినమ్మా అన్నాడు. తల పెట్టి ఇను సారూ అంటి. ఇన్నాడు. శానాసేపు లేయలే. వాళ్ల ఇంటామె పోయి మూడేండ్లాయె గదా, ఆమె గుర్తుకొచ్చిందంట, ఆమె పోయినాక అట్ల నవ్వింది అదే మొదలంట."

"ఏమన్నాడు?"

"రేపు మధ్యానం జొహర్ నమాజైనాక మన నికా ఆయనే చదువుతాడంట. మాట వెనక్కి తీస్కోమని అడగడంట."

"మరి కమిటీ?"

"దిండు ఆయన కాడ్నే పెట్టుకున్నాడు. ఎవురన్నా అడిగితే దాని మీద పండుకోమంటాడంట."

దస్తగిరి లేచి వచ్చి గడపకు ఇవతల కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా ఆ గడప ఒక్కటే. రెండు నెలల్లో మనిషి ఎంత చిక్కిపోయాడో ఆమె కింది నుంచి పై దాకా చూసింది. క్యారియర్ ఒళ్లో పెట్టుకుని మూత తిప్పింది.

"అన్నం తిన్నావా?" అంది.

"ఇంకా లే" అన్నాడు దస్తగిరి.

ఆమె గిన్నె గడప మీదుగా లోపలికి జరిపింది. వెనక బల్ల మీద సరోజమ్మ దిండు మూతి ఇంకా కుట్టలేదు.