వియ్యపురాలింటి సర్కుత్

ఇచ్చిన వస్తువును తిరిగి అడిగినవాళ్లకు తరాజ్ పట్టణంలో పరువు దక్కదు. ఆ సంగతి బాగా తెలుసు కాబట్టే బల్జాన్‌కు మూడు రోజులుగా ముద్ద మింగుడుపడటం లేదు.

ఆమె కుట్టు కేంద్రంలో ఆరుగురు ఆడవాళ్లు పనిచేస్తారు. బట్టలు కత్తిరించే నమూనాలన్నీ ఆమె కంప్యూటర్లో ఒక ప్రోగ్రాంతోనే గీస్తుంది. పోయినేడు ఆ ప్రోగ్రాంను అప్‌గ్రేడ్ కూడా చేయించుకుంది. చలికాలంలో కొత్త కంప్యూటర్ కొన్నాక, చూడ్డానికి వచ్చిన వియ్యపురాలు కులియాష్ పాతదాని మీద చెయ్యి వేసి, "ఎంత ముచ్చటగా ఉందో వదినగారూ" అంది. వియ్యపురాలు మెచ్చుకున్నాక ఇవ్వకుండా ఎలా? బల్జాన్ గొప్పకు పోయి, లోపల ఏముందో చూసుకోకుండా, తెరతో సహా కారెక్కించి పంపింది.

మూడు రోజుల కిందట పని మొదలుపెట్టబోతే కొత్తదానిలో ప్రోగ్రాం తెరుచుకోలేదు. నౌరీజ్ పండుగకు నాట్యబృందానికి అరవై చపాన్లు, అంటే పొడుగు అంగీలు, కుట్టిస్తానని అప్పటికే మాట ఇచ్చేసింది. పండుగకు రెండు వారాలే ఉంది. ఆ పని చేజారితే కేంద్రానికి తాళం వెయ్యాల్సిందే.

"పాతదానిలో లైసెన్సు వదులుతున్నట్టు నొక్కాలమ్మా. అక్కడ వదిల్తేనే ఇక్కడ పట్టుకుంటుంది" అన్నాడు ఫోనులో కంపెనీ మనిషి. "పాతది తుడిచేసుంటే మాత్రం మళ్లీ కొనుక్కోవాలి. అది రావడానికి నెల పడుతుంది."

మర్నాడే బల్జాన్ బూరెల మూటతో కులియాష్ ఉండే మెర్కె ఊరి బస్సెక్కింది.

కులియాష్ ఇంట్లో కంప్యూటర్ పెద్దవాళ్లు కూర్చునే చోట, మఖమల్ ముసుగులో, నెత్తిన మిఠాయి గిన్నెతో కొలువుతీరి ఉంది.

"మా చిన్నాడు ఆటలకోసం దీన్ని మొత్తం తుడిచేస్తానన్నాడు వదినగారూ."

బల్జాన్ కూర్చోబోతూ ఆగిపోయింది. "తుడిచేశాడా?"

"చేతులు విరగ్గొడతానన్నా. వియ్యాలవారింటి నుంచి వచ్చింది వచ్చినట్టే ఉండాలి. నేను స్విచ్ కూడా వెయ్యనివ్వలా."

వియ్యపురాలి డాబును ఏనాడూ భరించలేని బల్జాన్, ఆ క్షణాన ఆ డాబుకు మనసులోనే దండం పెట్టుకుంది.

విందు అయ్యాక కులియాష్ సర్కుత్ కట్టడం మొదలుపెట్టింది. విందులో మిగిలినది చుట్టానికి మూటగట్టి ఇవ్వనిదే ఏ ఇల్లాలూ గడప దాటనివ్వదు. బల్జాన్ ఆ సంచి మీద చెయ్యి వేసింది.

"ఈసారి మాంసం వద్దు వదినగారూ. ఆ పెట్టెలో మా కత్తెర పని లైసెన్సు మిగిలిపోయింది. సర్కుత్‌గా అది కట్టివ్వండి. పెట్టె మాత్రం మీకే."

కులియాష్ కళ్లు చిన్నవి చేసింది. "అంటే వెనక్కి అడగడానికి వచ్చారన్నమాట."

"వెనక్కి అడిగితే నా నోరు పడిపోను. మిగిలింది అడుగుతున్నా."

కులియాష్ పెదవులు బిగబట్టినా నవ్వు ఆపుకోలేకపోయింది. లేచి మిఠాయి గిన్నె దించింది, ముసుగు తీసింది, స్విచ్ వేసి తన ఫోను నుంచి ఇంటర్నెట్ కలిపింది. బల్జాన్ ముందుకు వంగబోతే మోచేత్తో ఆపింది.

"ఎక్కడ నొక్కాలో చూపించండి చాలు. సర్కుత్ కట్టాల్సింది ఇంటావిడ చెయ్యి."

లైసెన్సు విడుదలైందని తెరమీద పడింది. మాంసం సంచీ కూడా తప్పలేదు.

మర్నాడు పొద్దున్నే బల్జాన్ కొత్త కంప్యూటర్లో లైసెన్సు నంబరు కొట్టింది. చపాన్ నమూనా భుజాలతో, చేతులతో, అంచులతో తెర నిండా పరుచుకుంది. ఆడవాళ్లు ఆరుగురూ చప్పట్లు కొట్టారు. బల్జాన్‌కు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. మధ్యాహ్నానికి కత్తెరలు కరకరలాడుతుండగా ఫోను మోగింది.

"సర్కుత్ చేరిందా వదినగారూ? అందరికీ సరిపోయిందా?"

"అరవై మందికి సరిపోయింది."

"ఆ అంగీలు ఎంత ముచ్చటగా ఉంటాయో కదా" అంది కులియాష్.

బల్జాన్ నవ్వుతూనే అరవై ఒకటో అంగీకి గుడ్డ పరిచింది.