నిక్కచ్చమ్మ మార్కులు

ఆవిడకి నిక్కచ్చమ్మ అని పేరు పెట్టింది ఎవరో గానీ ఊరికే పెట్టలేదు. పోటీ గుర్రాల పిల్లలకి మార్కులు వేయడం ఆవిడ పని. మూడేళ్ళు నిండిన ఆడ గుర్రప్పిల్లల్ని ఒక్కొక్కటిగా, మీద మనిషి లేకుండా, అడ్డకర్రలు కట్టిన మైదానంలోకి వదులుతారు. నడక, దూకే తీరు, బుద్ధి, కాళ్ళ పొందిక అన్నీ చూసి, ఇందులో పుట్టుకతో వచ్చిందేది, రేపు దాని కడుపున పుట్టేవాటికి దిగేదేది అని ఆవిడ తేల్చాలి. ఏడు మార్కులు వస్తే ఆ పిల్ల తల్లి కావచ్చు. రాకపోతే దానికి పుట్టినవాటికి వంశపత్రం ఇవ్వరు. వంశపత్రం లేని గుర్రాన్ని కొనే వెర్రివాడు ఈ లోకంలో లేడు కాబట్టి, ఆ వంశం అక్కడితో సరి.

ఇంత మాట చెప్పాల్సిన మనిషి మొహమాటపడితే అయ్యే పనేనా? ఆవిడ పడదు. పుల్ల విరిచినట్టు చెప్పేస్తుంది, దాన్ని అప్పటికప్పుడు మైకులో చదివేస్తారు. యజమానులు గ్యాలరీలో కూర్చుని నలుగురి ముందూ వినాల్సిందే.

ఆ రోజు వచ్చినవాటిలో ఆవిడ సొంత చెల్లెలి గుర్రప్పిల్ల కూడా ఉంది. అది ఏదో ఆవిడకి తెలియదు, తెలియకూడదు కూడా. ఒంటి మీద అంకె తప్ప ఇంకేమీ ఉండదు. యజమాని ఎవరో, తల్లీ తండ్రీ ఎవరో అన్నీ అయ్యాకే చెబుతారు. ఆ పిల్ల పుట్టిన దగ్గర్నుంచీ ఆవిడ చెల్లెలి గుర్రపుశాల గడప తొక్కలేదు. "ఏంటక్కా, మా ఇంట్లో దయ్యాలేమైనా ఉన్నాయా?" అని చెల్లెలు దెప్పినా సరే, పోలేదు.

పొద్దున నాలుగోదిగా వచ్చిన ఎర్ర గుర్రప్పిల్ల ఆవిడకి తెగ నచ్చింది. కర్ర ముందు ఒక్క క్షణం వేగం తగ్గించి, చూసుకుని, హాయిగా దూకేసింది. "తెలివైనది. చూసి దూకుతుంది. ఎనిమిదిన్నర" అని చెప్పింది.

భోజనాలయ్యాక ఒక నల్ల పిల్ల వచ్చింది. అది కర్ర ముందుకి వచ్చి, తల ఎడమ పక్కకి వాల్చి, ఓరగా చూసి దూకింది. చిన్నప్పుడు అక్కాచెల్లెళ్ళిద్దరూ వంతులేసుకుని ఎక్కిన గుర్రం అచ్చం ఇలాగే చూసేది! చెల్లెలి దగ్గరున్నది దాని సంతతే. ఇంకేముంది, ఇది చెల్లెలిదే. జాతి ఇట్టే పోల్చేస్తానని ఆవిడకి కొంచెం గర్వం కూడా ఉంది లెండి.

పిల్ల బాగా దూకింది. నిజం చెప్పాలంటే పొద్దుటి దానికంటే ఒక పిసరు బాగానే దూకింది. ఆ తల వాలుతోనే ఆ ముసలి గుర్రం ఎన్ని పోటీలు గెలిచిందో కూడా ఆవిడకి తెలుసు. అయినా సరే, 'ఎనిమిది ఇస్తే రేపు నలుగురూ ఏమంటారు? చెల్లెలని వేసిందనరూ?' అనుకుంది. అలా అనుకున్నాక తప్పులు వెతకడం ఎంతసేపు! "కర్ర ముందు తటపటాయిస్తోంది. తల వంకర పుట్టుకతో వచ్చింది, పిల్లలకీ దిగుతుంది. ఆరు" అంది. పొద్దున తెలివి అన్నదే మధ్యాహ్నానికి తటపటాయింపు అయిపోయింది. అదీ ఆవిడ నిక్కచ్చితనం!

గ్యాలరీ వైపు చూస్తే చెల్లెలు చెయ్యి ఊపుతోంది, మొహం వెలిగిపోతోంది. పాపం, పైకి నవ్వుతోంది పిచ్చిది అనుకుని, చెల్లెలని కూడా చూడనందుకు ఆవిడ లోలోపల పొంగిపోయింది.

సాయంత్రం పేర్లు చదవడం మొదలవగానే చెల్లెలు వచ్చి మెడ కావలించుకుంది. "నాకు తెలుసక్కా! గుర్తుపట్టేశావు కదూ? ఎంతైనా తోడబుట్టినదానివి!" అంది చెవిలో.

"దేన్ని గుర్తుపట్టాను?"

"అబ్బో, నా దగ్గరా నటన! నా ఎర్రదాన్నే. మొత్తం తండ్రి పోలికే వచ్చింది, మన పాత గుర్రం పోలిక వెతికినా లేదు. అయినా ఎలా పట్టావో గానీ ఎనిమిదిన్నర కొట్టావు చూడు!"

ఆవిడ చెల్లెల్ని అక్కడే వదిలేసి బండ్లు నిలిపే చోటికి గబగబా నడిచింది. నల్ల పిల్లని ఒక ముసలాయన బండిలోకి ఎక్కిస్తున్నాడు. లారీ నడిపి రిటైరైన మనిషి. ఆయనకున్న గుర్రం ఇదొక్కటే.

"మీరా అమ్మా!" అంటూ కంగారుగా ఇటు తిరిగాడు. "నాకేం కోపం లేదమ్మా. దీన్ని కన్నరోజే తల్లి పోయింది. దీని కడుపున ఒక్క పిల్లని చూసుకుందామని నా ఆశ, అంతే."

"ఆ తల అలా వాల్చడం..." అంది ఆవిడ.

"అదేనమ్మా. పసిగా ఉన్నప్పుడు కంట్లో పుల్ల గుచ్చుకుంది. మానిపోయింది గానీ భయం పోలేదు, అప్పట్నుంచీ అలా ఓరగా చూస్తుంది. నేనేమో దెబ్బ వల్లే అనుకున్నా. పుట్టుకతోనే అని మీరన్నాక, తల్లికీ ఉండే ఉంటుంది, నేనే సరిగ్గా చూసుండను అనిపించింది."

ఆవిడకి తల తీసేసినట్టయింది. గుర్రం ఆవరణ దాటేలోగా వెనక్కి పిలిచి మళ్ళీ చూసే హక్కు ఆవిడకుంది. కాకపోతే ఎందుకు పిలుస్తోందో మైకులో చెప్పాలి. చెప్తే చెల్లెలి గుర్రానికి వేసిన ఆ ఎనిమిదిన్నర మాటేమిటని జనం అడుగుతారు. ఇన్నేళ్ళ పేరు ఏమవుతుంది?

"అక్కా! ఫోటో తీస్తున్నారు, రావే!" అని వెనకనుంచి చెల్లెలు కేకేసింది.

ముసలాయన బండి తలుపు మూసి గొళ్ళెం పెట్టాడు. "ఇంకో చోట మొహమాటానికి పాస్ చేస్తారు, అక్కడికి తీసుకెళ్ళమన్నారు అందరూ. నేనే ఒప్పుకోలేదు. తేలిస్తే మీరే తేల్చాలని ఇంత దూరం వచ్చా. వంకరతో పుట్టే పిల్లలు ఇంకెన్ని అవస్థలు పడేవో, మీ పుణ్యమా అని తప్పింది" అని రెండు చేతులూ జోడించాడు.

ఆవిడా చేతులు జోడించింది. "జాగ్రత్తగా వెళ్ళండి" అంది. బండి మెల్లగా గేటు దాటిపోయింది.