ముద్ద దిగేదాకా

బెత్తంతో పరుపును నాలుగు బాది, లేచిన దుమ్ము అణిగేదాకా ఆగి, తల వెనక్కి వాల్చి, గడ్డం ముందుకు పెట్టి, కునుకాయన, కొనడానికి వచ్చిన దంపతుల వైపు చూశాడు. అలా చూడకపోతే ఆయనకు మనుషులు నడుముల దాకానే కనిపిస్తారు. పై రెప్పలు రెండూ సగం దించిన షట్టర్లలా వేలాడుతుంటాయి. కంటికి రెప్పలా చూసుకోవడం అంటాం కదా, ఈయన రెప్పలు కంటిని మరీ అతిగా చూసుకుంటున్నాయి.

"చూశారా, అమ్మేవాడికే కళ్లు మూతలు పడుతున్నాయి!" అంది ఆవిడ, మొగుడి డొక్కలో పొడిచి.

"నొక్కి చూడండమ్మా," అన్నాడు కునుకాయన. నవ్వాడు కూడా.

గల్లాపెట్టె దగ్గర నుంచి షావుకారు అందుకున్నాడు. "మాకు వేరే ప్రకటనలెందుకండీ? ఈయన్ని గుమ్మంలో నిలబెడితే చాలు, వీధంతా ఆవలిస్తుంది!"

పరుపు అమ్ముడుపోయింది. పరుపు పోయినప్పుడల్లా ఈయన పరువూ కాస్త పోతుందని, రెంటికీ ఒక్క అక్షరమే తేడా అని షావుకారుకు ఏనాడూ తట్టలేదు. పరువున్నవాళ్లు తలెత్తుకు తిరుగుతారంటారు. కునుకాయన తలెత్తకపోతే తిరగనే లేడు. కొట్టులో నిద్రమొహం, వీధిలో పొగరుబోతు. ఒక్క మెడకే రెండు బిరుదులు. అసలు సంగతి ఆయన బయట ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వడం మానేస్తారు. నవ్వడం మానేస్తే ఆయన్ను పలకరించడానికి వాళ్ల దగ్గర వేరే మాట లేదు.

మధ్యాహ్నం పనివాళ్లంతా వెనక గదిలో భోజనాలకు కూర్చున్నారు. దిండ్లకు గలేబులు కుట్టే అమ్మాయి రోజూలాగే కేకేసింది.

"రా బాబాయ్! రోజూ ఒక్కడివే ఆ మూల ఏం దాచుకు తింటావు?"

"మీరు కానివ్వండమ్మా. నాకింకా ఆకల్లేదు."

ఆకలి కరకరలాడుతోంది. గోడౌన్‌లో దూది బేళ్ల సందులో నిలబడి, గడ్డాన్ని గుండెకు ఆనించి, జావ ఒక గుక్క తీసుకున్నాడు. ఒక గుక్కను మూడు విడతలుగా మింగాలి. తలెత్తితే చూడగలడు, తల దించితే మింగగలడు. రెండూ ఒకేసారి కుదరవు. అందుకే మిట్టమధ్యాహ్నం కూడా ఆయన భోజనం చీకట్లోనే. దగ్గు తెర వస్తే చుట్టూ ఉన్న దూది ఆ చప్పుడును మింగేస్తుంది. మింగడంలో ఆయనకన్నా దూదే నయం.

వాళ్ల నాన్న నలుగురి మధ్య, విందు బంతిలో, ముద్ద గొంతుకు అడ్డంపడి పోయాడు. "ఆబగా మింగాడు, తిండిపోతు చావు చచ్చాడు" అన్నారు. నాన్నను మోసింది నలుగురే. ఆ మాటను ఊరంతా మోసింది.

పోయిన ఏడాది కునుకాయనకు మంచినీళ్లు కూడా పొలమారడం మొదలైతే ఆసుపత్రికి వెళ్లాడు. మాటలు నేర్పేవాళ్లుంటారని విన్నాడు గానీ, మింగడం నేర్పే మేడమ్ ఉంటుందని అక్కడే తెలిసింది. జబ్బు పేరు ఆమె చెప్పింది. అది జావకన్నా కష్టంగా దిగింది. రెప్పల కండరాలూ గొంతు కండరాలూ నీరసించే జబ్బట. రక్తంలోనే వస్తుందట. తండ్రికి ఉంటే బిడ్డకు రావడం బొమ్మా బొరుసా. యాభై దగ్గరపడేదాకా బయటపడదట.

"మీ నాన్నగారిది ఆబ కాదండీ, జబ్బు," అందామె.

కునుకాయన పెళ్లీ పెటాకులూ లేని మనిషి. ఉన్నది బస్సు కండక్టరుగా చేసే తమ్ముడొక్కడే. ఆ రోజే పరుగున వెళ్లి చెప్పాడు.

"పోయినాయన్ని మళ్లీ బజారుకీడుస్తావా అన్నయ్యా? నాకేం లేదు. నా జోలికి రాకు," అన్నాడు తమ్ముడు. నాకేం లేదు అంటూండగానే పొలమారింది. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు.

ఈ సాయంత్రం బడి గదిలో మేడమ్ సభ పెట్టింది, ఈ జబ్బొకటి ఉందని నలుగురికీ తెలియాలని. "అందరి ముందూ తిని చూపిస్తారా?" అని అడిగింది. కునుకాయన మింగలేక కక్కలేక మూడు రోజులు ఆలోచించి ఒప్పుకున్నాడు. తమ్ముడికి కబురంపాడు. రాకపోతే వాడు కూడా మింగడం నేర్వని గొంతుతో ఏదో బంతిలో కూర్చుంటాడు, నాన్నలాగే.

సభలో నిండుగా ఉన్నవి కుర్చీలే. ముందు వరసలో ముసలి దంపతులు, వెనకాల అక్కడక్కడా నలుగురైదుగురు.

"కళ్లజోళ్లు ఎప్పుడిస్తారమ్మా?" అన్నాడు ముసలాయన.

"ఇది కళ్లజోళ్ల సభ కాదు తాతయ్యా."

"చెప్పానా! నా మాట వింటేగా," అంది ముసలామె. అయినా లేవలేదు, కుర్చీ బాగున్నట్టుంది.

కునుకాయన లేచాడు. "నేను పరుపుల కొట్టులో పనిచేస్తానండి. నన్ను కునుకాయన అంటారు. నాకు నిద్ర రావట్లేదండి. పడుకున్నా సరిగ్గా రాదు." ఎవరో కిసుక్కుమని, ఆపుకున్నారు. ఆయన గొంతు సవరించుకున్నాడు. "మా నాన్న తిండిపోతు కాదండీ. అది చెప్దామనే వచ్చాను."

మేడమ్ మెత్తటి అన్నం గిన్నె అందించింది. చెంచా ఎత్తి, తినబోయే ముందు తల వెనక్కి వాల్చి గదినంతా ఒకసారి చూశాడు. తలుపు పక్కన చివరి కుర్చీలో, భుజాన టికెట్ల సంచితో, ఒళ్లో చిన్న స్టీలు గిన్నెతో ఒక మనిషి. తల వెనక్కి వాల్చి, గడ్డం ముందుకు పెట్టి, ఈయన్నే చూస్తున్నాడు. తను ఎదుటివాళ్లకు ఎలా కనిపిస్తాడో కునుకాయన ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు చూశాడు. అందులో పొగరు లేదు. ఉన్నదల్లా చూడాలన్న తాపత్రయం.

ముద్ద నోట్లో పడింది. ఇక తల దించాలి. దించాడు. ఒకసారి మింగాడు. సగం దిగింది. మళ్లీ. తన గొంతు చప్పుడు తనకే వినిపిస్తోంది. ఇన్నేళ్లలో మనుషుల ముందు తిన్న మొదటి ముద్ద అది. మూడోసారి మింగి, ఊపిరి తీసుకుని, తలెత్తాడు.

చివరి కుర్చీలో మనిషి లేడు.

"మా చెల్లెలి మొగుడూ ఇలాగే దగ్గుతాడయ్యా," అంటోంది ముందు వరసలో ముసలామె. "తినేటప్పుడు లేచి బయటికిపోతాడు. మా వంట నచ్చకేమో అని ఎన్ని తిట్టామో! ఆ ఆసుపత్రి ఎక్కడ?"

మేడమ్ ఆమె పక్కన కూర్చుని చెబుతోంది. కునుకాయన కుర్చీల మధ్య నుంచి తలుపు దాకా వెళ్లాడు. బయట వీధిలో కండక్టరు ఈల వినిపించింది, బస్సు కదిలిన చప్పుడు, తర్వాత ఏమీ లేదు. "ఒరేయ్," అన్నాడు, ఎవరికీ వినపడనంత మెల్లగా.

వెనక్కి తిరిగితే, చివరి కుర్చీలో ఆ స్టీలు గిన్నె, మూత వారగా పెట్టి ఉంది. లోపల అన్నం ఒక్క మెతుకైనా విడిగా లేకుండా వెన్నలా మెదిపి ఉంది. ఒక మూల ఒకే ఒక్క ముద్ద తీసిన గుంట, అందులో ఇంకా తడి ఆరని చెంచా.