నవ్వు పట్టే ఫ్రేము

కాబట్టి ఈ బ్యాంకు మేనేజరుకి లిఫ్టులో ఇరుక్కుపోయిన బావా బామ్మర్దుల పాడ్‌కాస్టే, అందులో అనుమానం లేదు, పెదాలు బిగించుకు తిరిగే మనుషులకి నాలుగు గోడల మధ్య కొట్టుకునే కామెడీయే ఎక్కుతుంది, ఎవరి మొహానికి ఏ కళ్ళజోడో తెలిసినట్టే ఎవరి చెవికి ఏ పాడ్‌కాస్టో నాకు ఇట్టే తెలిసిపోతుంది, ఇది కళ్ళద్దాల షాపా కామెడీ క్లబ్బా అని మా ఓనరు వెక్కిరిస్తాడు, వెక్కిరించనీ, అపార్ట్‌మెంట్ మీటింగుల పాడ్‌కాస్టు విని బస్సులో అందరూ తిరిగి చూసేలా నవ్వానని టీచరమ్మ వచ్చి చెప్పినప్పుడు, నాకూ పంపమ్మా అని ఫోను చాచింది ఆయనే కదా.

ఒక్క వదిన దగ్గరే నా పప్పులు ఉడకలేదు, అన్నయ్య పోయాక ఆవిడ నవ్వడం నేను చూడలేదు, ఏడవడమూ చూడలేదు, అదే నాకు ఎక్కువ భయం, మనిషి మన మధ్య తిరుగుతూనే కొంచెం కొంచెంగా జారిపోతోందేమోనని, అందుకే ఏరి కోరి ఒకదాని తర్వాత ఒకటి పంపాను, ప్రతిదానికీ అదే జవాబు, విన్నాను, బావుంది, ఆ బావుంది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, కామెడీ విని ఎవరైనా బావుంది అంటారా, నవ్వొచ్చిందో లేదో చెప్పాలి గానీ, అదిగో తలుపు తోసుకుని వస్తోంది, విరిగిన కళ్ళజోడు రుమాల్లో చుట్టుకుని, కూర్చో వదినా, నీకోసం ఒకటి తీసిపెట్టాను, సన్నటి ఫ్రేము, మొహానికి అతుక్కున్నట్టు ఉంటుంది.

ఫ్రేము నిజంగానే అతుక్కున్నట్టు కూర్చుంది, నా చూపు తప్పదు, కానీ ఒక పని మిగిలింది, మనిషి నవ్వాలి, నవ్వితే బుగ్గలు లేస్తాయి, బుగ్గ తగిలి ఫ్రేము పైకి జరిగితే అది పనికిరాదు, వచ్చిన ప్రతివాళ్ళనీ కొంచెం నవ్వండి అని అడుగుతాను, ఈవిణ్ణి అడిగే ముందు మాత్రం అద్దాలు తుడిచే గుడ్డ రెండుసార్లు మడతపెట్టి విప్పాను, చివరికి అడిగాను, పెదాలు పక్కకి జరిగాయి, బుగ్గలు కదల్లేదు, ఫ్రేమూ కదల్లేదు, సరిపోయిందమ్మా అంది వదిన, లేవబోయింది, ఆగు, బావా బామ్మర్దులది విన్నావా, విన్నాను, బావుంది, ఏం బావుంది వదినా అని అడిగేశాను, ఆవిడ ఒళ్ళో చేతులు చూసుకుంటూ, వాళ్ళల్లో వాళ్ళు బాగానే నవ్వుకుంటున్నారు, నేనేమో వంటింట్లో ఒక్కదాన్నే, అంది.

ఏమనాలో తెలియనప్పుడు నేను ఊరుకోను, వాగుతాను, అది కాదు వదినా, నువ్వు సరిగ్గా విన్నట్టు లేవు, బామ్మర్ది వాచ్‌మన్‌కి ఫోన్ చేస్తాడు చూడు, కాదు, ముందు బావ చేస్తాడు, వాచ్‌మన్ మెట్లన్నీ ఎక్కొస్తాడు, అసలు లిఫ్టు చెడిపోనే లేదు వదినా, ఇద్దరూ బటన్ నొక్కడమే మర్చిపోయారు, అయ్యో, అది చివర్లో చెప్పాలి, అని నాకే నవ్వొచ్చి, నవ్వు దగ్గయి, దగ్గుతూనే మళ్ళీ మొదటినుంచీ చెప్పబోతుంటే, మీ అన్నయ్య ఉంటే ఈపాటికి చెవులు మూసుకునేవారు, అంది వదిన, అని నవ్వింది, ముందు ముక్కుతో, తర్వాత భుజాలతో, తర్వాత కళ్ళవెంట నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోకుండా, ఫ్రేము బుగ్గల మీదికెక్కి కనుబొమ్మల దాకా పోయింది.

తీసెయ్ వదినా, ఇది పనికిరాదు, అన్నాను, ఇందాక సరిపోయిందిగా, అంది, ఇందాక నువ్వు నవ్వలేదుగా, అంటూ కొత్త ఫ్రేము కోసం సొరుగు లాగాను, పాడ్‌కాస్టులు నేను ఎంచినవన్నీ మంచివే, అందులో ఇప్పటికీ నాకు అనుమానం లేదు, వంటింట్లో ఆవిడ ఎదురుగా కుర్చీ ఒకటి ఖాళీగా ఉందని, అందులో కూర్చుని దగ్గు వచ్చేదాకా నవ్వాల్సింది నేనేనని మాత్రం ఇవాళే తెలిసింది.