తిప్పి పడుకోబెట్టే వేళ

మంచాన పడ్డ లారీ డ్రైవరును చూసుకునే ఆయా అతని చొక్కా పైకెత్తి, వీపును ఆఫీసు కౌంటరు వైపు తిప్పింది. చక్రాల కుర్చీలో వాలిపోయిన ఆ మనిషి నడుము మీద అరచేయంత పుండు.

"ఈయనకు రోజుకు నాలుగు గంటల పని ఇచ్చినప్పుడు ఈ పుండు లేదు సార్. ఇప్పుడు రెండే ఇచ్చారు. ఒళ్లు తుడిస్తే తిండి పెట్టే టైముండదు. తిండి పెడితే తిప్పి పడుకోబెట్టే టైముండదు. ఏది మానెయ్యమంటారో మీరే చెప్పండి."

కౌంటరు వెనక ఉన్నది సంక్షేమ శాఖ సూపరింటెండెంటు. మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు ఆయాలను పంపేది ఆ శాఖే. ఖర్చు ఏటా రెండు శాతం మించి పెరగకూడదని పైనుంచి మాట వచ్చింది. మంచాన పడేవాళ్లు శాతం చూసుకుని పడరు గదా. ఎక్కడ కోయాలో నోట్ రాసింది తనే. 'పనిగంటల సర్దుబాటు' అన్న మాట తట్టినందుకు డైరెక్టరు భుజం తడితే ఉబ్బిపోయాడు కూడా.

మర్నాడు డైరెక్టరు విలేకరులతో అన్నాడు: "మేం గంటలేం తగ్గించలేదు. ఆయాలే పని ఎగ్గొడుతున్నారు."

ఆ రాత్రి సూపరింటెండెంటు అన్నం కంచం పక్కకు నెట్టాడు.

"నువ్వు రాయకపోతే ఇంకొకడు రాసేవాడు" అంది భార్య.

"రాసింది నేనే కదా."

ఆదివారం ఆయాల సంఘం మీటింగుకు వెళ్లి ఆ నోట్ చదివాడు, కింద తన సంతకంతో సహా.

"మమ్మల్ని పనిదొంగలన్నప్పుడు ఎక్కడున్నావయ్యా?" వెనకనుంచి ఎవరో అడిగారు.

"పక్క గదిలోనే ఉన్నానమ్మా. నన్ను..."

"మీ ఏడుపు తర్వాత ఏడుద్దురుగాని, ముందా కాయితం ఇటివ్వండి." మొన్న ఆఫీసు కౌంటరు దగ్గరికొచ్చిన ఆయా చెయ్యి చాపింది. ఆమెను అందరూ పెద్దక్క అంటారు.

"సమ్మె చేద్దాం" అన్నారు కొందరు.

"చేస్తే చచ్చేది డైరెక్టరా, మన మంచాల మీదున్నవాళ్లా?"

గంటసేపు కీచులాడుకున్నారు. చివరికి పెద్దక్కే తేల్చింది. "పని మానొద్దు. పనినే ఆఫీసుకు తీసుకుపోదాం. మనం ఏం చేస్తామో వాళ్ల కళ్లెదుటే చేద్దాం."

సోమవారం పొద్దున ఆఫీసు ఆవరణలో ముప్పై మంచాలు పడ్డాయి. బేసిన్లు, తడిగుడ్డలు, పుళ్ల మందు వాసన. గేటుకు ఆ నోట్ అంటించారు. మధ్యాహ్నానికి సూపరింటెండెంటు సస్పెన్షన్ కాగితం, పోలీసు వ్యాను ఒకేసారి వచ్చాయి.

ఆయాలను ఒక్కొక్కరినే వ్యాను ఎక్కిస్తుంటే లారీ డ్రైవరు మంచం మీదనుంచే అడిగాడు: "నన్నూ ఎక్కించండి. ఎలా ఎత్తాలో తెలుసా?"

ఇద్దరు కానిస్టేబుళ్లు వంగారు. పుండు చూసి చేతులు వెనక్కి తీసుకున్నారు.

"నన్నూ ఎక్కించండి." పక్క మంచం. ఆ పక్కది. ముప్పై మంచాలూ.

సూపరింటెండెంటు పరుగున వెళ్లి వ్యాను మెట్టు మీద కాలు పెట్టాడు. లోపలికి పోతే గుండె బరువు కాస్త దిగుతుందనుకున్నాడు.

"దిగండి సార్" అంది పెద్దక్క. "జైలుకు మేం చాలు. మేమొచ్చేదాకా వీళ్లను చూసేదెవరు?"

వ్యాను కదిలింది. అతను డ్రైవరు మంచం దగ్గరికొచ్చి చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"నాకు చేతకాదు."

"గేటు దగ్గర గుమాస్తాలున్నారుగా, పిలవండి. చెప్తాను, అందరూ నేర్చుకోండి" అన్నాడు డ్రైవరు. "ముందు నా మోకాలు మడవాలి. భయపడకండి సార్, పట్టుకోండి."

పట్టుకున్నాడు. గేటు దగ్గరనుంచి ఇద్దరు గుమాస్తాలు చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చారు. వాళ్ల వెనక ఇంకో నలుగురు.