ఎదుటివాడి పక్షాన

సర్ లాక్లన్ పిట్‌కారో దగ్గర నేను చాలా ఏళ్లు గుమాస్తాగా పనిచేశాను. తాతల నాటి బారనెట్ బిరుదు, ఆర్డీ ఏటి ఒడ్డున ఎస్టేటు, ఎడింబరోలో వకీలు పని. ఆయన నోరు విప్పితే జడ్జీల కునుకు ఎగిరిపోయేది. ఉన్నది ఒక్కటే జబ్బు: ఎవరైనా ఒక వాదనను పాడుచేస్తుంటే చూస్తూ ఊరుకోలేరు. అది ఎవరి వాదనైనా సరే. ఓసారి వంటమనిషి ఆయన్ని తిట్టబోయి తడబడితే, ఎలా తిట్టాలో ఆయనే అందించారు.

అలాంటి మనిషి పార్లమెంటుకు నిలబడ్డాడు. ఏటి మీద వంతెన కట్టాలని ఈయన. కడితే పడవవాళ్ల నోట్లో మట్టేనని ప్రత్యర్థి మేజర్ టల్లోక్. మేజర్ యుద్ధాల్లో పులి. సభలో మాత్రం పిల్లి.

సంతవీధిలో సభ పెట్టారు. మా దొరగారు దంచేశారు. తర్వాత మేజర్ లేచాడు.

"పడవలు... పడవలంటే... అవి నీళ్లమీద..."

"నీళ్లమీద కాక నీ నెత్తిమీద నడుస్తాయా?" అని ఎవడో అరిచాడు. జనం గొల్లుమన్నారు.

దొరగారు కుర్చీలో మెలికలు తిరగసాగారు. నేను కోటు పట్టుకు లాగాను.

"అయ్యా, కూర్చోండి."

"చూడవయ్యా, బంగారం లాంటి వాదన బురదలో పోస్తున్నాడు!"

"పోయనివ్వండి, మనకే మంచిది."

వింటేనా! లేచి, "మేజర్ గారు చెప్పదలుచుకున్నది ఏమిటంటే" అని ఎత్తుకున్నారు. మంచుగడ్డల మధ్య మంత్రసానిని ఒడ్డు చేర్చిన పడవవాడి సంగతి చెబుతుంటే ఆడవాళ్లు శాలువాలతో కళ్లు ఒత్తుకున్నారు. మేజర్ కూడా జేబురుమాలు తీశాడు.

ఓట్ల రోజున ఎవరికి వేస్తున్నదీ అందరి ముందూ పైకి చెప్పాలి. మా ఎస్టేటు కౌలుదారు గావిన్ మకిల్, "మేజర్ గారికి" అన్నాడు.

"ఏరా గావిన్, నా పొలం దున్నుతూ నాకే ఎసరు పెడతావా?"

"తమరే సెలవిచ్చారు గదా దొరా! అబద్ధం చెప్పారా ఏంటి?"

"బాగా అడిగాడు," అని దొరగారు నాతో గొణిగారు. మేజర్ గెలిచాడు.

ఇంట్లో అమ్మగారు, లేడీ గ్రిజెల్, కస్సుమన్నారు. "మన పెళ్లి వద్దని మా నాన్న అంటుంటే, ఆయన తరఫున కూడా మీరే వాదించారు. ఇంకాస్త గట్టిగా వాదించి ఉంటే నేను బతికిపోయేదాన్ని!"

మళ్లీ ఎన్నికలు వచ్చేసరికి అమ్మగారు ఆయన దవడకు ఉన్నిగుడ్డ బిగించి కట్టి, పన్నునొప్పి అని చాటించారు. మేజర్ మళ్లీ తడబడ్డాడు. దొరగారు "ఊఁ! ఊఁ!" అని గింజుకుంటుంటే, "పాపం, ఎంత నొప్పో" అని జనం జాలిపడ్డారు. గెలిపించారు.

వంతెన కట్టారు. ప్రారంభం రోజున ముసలి పడవవాడు టోర్క్విల్ ఎదురొచ్చాడు.

"మా గురించి ఆ రోజు తమరు చెప్పిందంతా నిజమే దొరా. మరిప్పుడు మా గతేంటి?"

ఆయన మొహం ఎర్రబడింది. "వంతెన సుంకం వసూలు చేసే పని మీకే ఇప్పిస్తాను. చాలదంటే చెప్పు, నీ తరఫున ఇంకేం అడగాలో కూడా నేనే ఆలోచిస్తాను," అన్నారు.

"ముందు కూర్చోడానికో గది అడగండి దొరా. ఇక్కడ గాలి కోసేస్తోంది," అన్నాడు టోర్క్విల్.