లోపలి గోడ

నా భార్య అపొండి ఆదివారం పోయింది. మంగళవారం నేను రియాట్ గుట్ట మీద డాక్టరమ్మ అకెలో గారి కొత్త ఇంట్లో వైర్లు లాగుతున్నాను. అనుకునేవాళ్లు ఏమైనా అనుకోనీ. శవం కిసుము టౌన్లో మార్చురీలో ఉంది, అక్కడ నేను చేయగలిగింది ఏమీ లేదు. ఇక్కడ గోడలకు గురువారం ప్లాస్టరింగ్.

మాది మామూలు కరెంటు పని కాదు. మనిషి గదిలోకి వస్తే దీపం దానంతటదే వెలగాలి, ఎండ ముదిరితే కర్టెన్ మూసుకోవాలి, గేటు దగ్గర ఎవరున్నారో వంటింట్లో కనపడాలి. వీటికి కావలసిన సన్న తీగలు లాగుతాం. కరెంటు తీగకు జానెడు ఎడంగా పోవాలి, ప్లాస్టరింగ్ లోపే గోడలో పడాలి. అందుకే ముందు ఇల్లాలిని వెంటబెట్టుకుని గదిగదీ తిరుగుతాను. ఏ తలుపులోంచి వస్తారు? అప్పుడు చేతుల్లో ఏముంటుంది? పొద్దున మంచం ఏ వైపు దిగుతారు?

"ఓబారా, పడగ్గది దీపం నేను లోపలికి వచ్చాకే వెలగాలి. తలుపు తీసిన ప్రతివాడికీ కాదు," అంది డాక్టరమ్మ.

"సెన్సర్ ఆ మూలన పెడతానమ్మా. గుమ్మంలో నిలబడ్డవాణ్ణి అది పట్టించుకోదు," అన్నాను. ఆమెకు సంగతి తెలియదు. నా గొంతు విని ఎవరికీ తెలిసేది కాదు.

పదకొండేళ్లుగా నాతో పనిచేస్తున్న ఓడుండో మాత్రం ఆవిడ అటు వెళ్లగానే వైరు కింద పడేశాడు.

"ఒరేయ్, ఏడిస్తే ఏడువు, లేకపోతే ఇంటికి పో. నీ మొహం చూస్తుంటే భయమేస్తోంది."

"ఈ గది అయ్యాక."

"తొమ్మిదేళ్లూ అపొండికీ ఇదే చెప్పావు. ఈ పని అయ్యాక ఊళ్లో ఇల్లు కడతానని."

ఆ మాటకి ఇంకొకడైతే చెయ్యి చేసుకునేవాడు. నాకు దోమ కుట్టినట్టు కూడా లేదు. తీగ చివర టేపు చుట్టి 'పడగ్గది, రెండు' అని రాశాను.

సాయంత్రం ఊరి నుంచి ఒగొల బాబాయి ఫోను చేశాడు. "రేపు తెల్లారేసరికి ఇక్కడుండు. ఆమె ఇంటికి మొదటి గుంజ నువ్వే పాతాలి. కోడలి శవాన్ని అత్తగారింట్లో దించకూడదు, సొంతిల్లు లేకుండా మట్టిలో పెట్టకూడదు. మళ్లీ నీకు చెప్పాలంట్రా?"

చెప్పక్కర్లేదు. మా లువో తెగలో ఇది తెలియంది ఎవరికి? శుక్రవారం శవపెట్టె వచ్చేసరికి ఆమెకు ఇల్లు లేకపోతే వాకిట్లోనే ఉంచుతారు. తొమ్మిదేళ్లు కాపురం చేసిన మనిషి గుమ్మం లేనిదైపోతుంది. మిగిలిన తీగలు ఓడుండోకు అప్పజెప్పి బస్సెక్కాను.

బుధవారం కోడికూతతో గుంజ పాతాను. మధ్యాహ్నానికి రేకుల గోడలు లేచాయి. వడ్రంగి రాగో ఏది అడిగినా నీ ఇష్టం అన్నాను. ఒక్కటి మాత్రం నేనే చెప్పాను. తలుపుకు ఎదురుగా, నాలుగడుగుల లోపల, అడ్డంగా ఒక గోడ.

"నాలుగు రోజుల్లో పీకేసే ఇంటికి లోపల గోడెందుకన్నా?"

"తలుపు తీస్తే మంచం కనపడకూడదు."

కిసుములో న్యాలెండా బస్తీలో మేం అద్దెకున్నది ఒక్కటే గది. తలుపు తోస్తే మంచమే. నీళ్లు పోసేవాడికీ, ఓనరు మనిషికీ, దారిన పోయేవాడికీ మంచమే. అపొండి గుడ్డ కట్టేది, గాలికి అది ఎగిరేది. "నాకు మేడలొద్దయ్యా, ఒక్క అడ్డగోడ చాలు. ఊరంతా నా నిద్ర చూస్తోంది," అనేది. ఎందరి పడగ్గదులో దాచాను నేను! సుద్దముక్కతో నేనే గీత గీశాను, టేపు పట్టి రెండుసార్లు కొలిచాను. పని బాగా కుదిరిందనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది.

శుక్రవారం మధ్యాహ్నం పెట్టె వచ్చింది. ఆరుగురు మోసుకొచ్చారు. గుమ్మం దాటింది, ముందు కొస వెళ్లి గోడకు తగిలింది. కుడికి తిప్పారు, తిరగలేదు. ఎడమకు తిప్పారు, తిరగలేదు. "నిలువుగా ఎత్తండి," అన్నాడెవడో. ఆడవాళ్లు వాణ్ణి నానా తిట్లూ తిట్టారు. మళ్లీ బయటకు తెచ్చి ఎండలో దించారు.

"ఈ గోడ పెట్టించిన తెలివైనవాడు ఎవడ్రా?" అన్నాడు బాబాయి. రాగో నా వైపు చూశాడు.

నాలుగడుగుల్లో బతికున్న మనిషి ఎటైనా తిరుగుతుంది. నేను కొలిచింది ఆ మనిషికి.

సుత్తి నేనే తీసుకున్నాను. కొత్త మేకులు, తేలిగ్గానే ఊడాయి. రేకులు ఒక్కొక్కటీ బయట పడేశాను. పెట్టె తిన్నగా లోపలికెళ్లింది, వెనక గోడవారగా దించి మూత తెరిచారు. చూడటానికి జనం గుమ్మం దగ్గర వరస కట్టారు. అక్కణ్ణుంచి ఆమె ముఖం కనపడుతోంది, ప్రతివాడికీ.

నేను వెళ్లి గోడ తీసేసిన చోట నిలబడ్డాను.

"జరగరా, జనం చూడాలి," అన్నాడు బాబాయి.

"కాసేపు ఆగండి బాబాయ్. పడుకుంది," అన్నాను. అప్పుడొచ్చింది ఏడుపు, ఆదివారం నుంచి రానిదంతా. తీగల పని ముగించుకుని వచ్చిన ఓడుండో భుజం పట్టి లాగాడు. నేను జరగలేదు.